పాముకు పగా లేదు, ప్రేమా లేదు

‘పాముకు పాలు పోసి పెంచినట్టు’ అనే సామెతను మనం ఎవరి మీద వాడతామో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. చేసిన మేలు మరిచి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి మీద వాడతాం. ఆ చిన్న మాటలో రెండు నమ్మకాలు దాగి ఉన్నాయి. పాము పాలు తాగుతుందన్నది ఒకటి. పాముకు మేలూ కీడూ తెలుసు, తెలిసీ ద్రోహం చేస్తుందన్నది రెండోది. పాము పగబడుతుందని, పన్నెండేళ్లయినా వెంటాడుతుందని, చంపితే జంటపాము వచ్చి కాటేస్తుందని, మొక్కితే సంతానం ఇస్తుందని మనం చెప్పుకునే మాటలన్నీ ఈ రెండో నమ్మకానికి పుట్టిన పిల్లలే. పాములోపల మనలాంటి మనసే ఉందని, అది మనతో లెక్కలు పెట్టుకుంటుందని మనవాళ్లలో చాలామంది గట్టిగా నమ్ముతారు. ఈ వ్యాసం ఖండించేది ఆ నమ్మకాన్నే. పాము మనిషికి శత్రువు కాదు, మిత్రుడూ కాదు. అది పాము. ఈ చిన్న నిజాన్ని ఒప్పుకున్న రోజునే సరీసృపాల సాహచర్యంలోని ఆనందం మనకు దక్కుతుంది. అంతవరకూ దక్కదు.

ఈ నమ్మకాన్ని పల్లెటూరి మూఢత్వమని తోసెయ్యడం అన్యాయం. చెప్పుల్లేని కాళ్లతో చీకట్లో మడికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన తరాలకు పాము నిజమైన మృత్యువు. ఎందుకు కరిచిందో తెలియని చావుకు ఏదో ఒక కారణం కావాలి. ‘పోయిన జన్మలో దాన్ని చంపి ఉంటాడు’ అనుకుంటే అర్థంలేని చావుకు ఒక అర్థం దొరుకుతుంది. ‘చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి’ అన్న సామెత కూడా ఆ భయంలోంచి వచ్చిందే. కానీ ఇవాళ ఈ నమ్మకం పొలం గట్టు దగ్గరే ఆగిపోలేదు. సినిమాల్లో, టీవీ సీరియళ్లలో కొత్త ప్రాణం పోసుకుంది. నాగుల పంచమికి పాలచెంబుతో పుట్ట దగ్గరికి వెళుతోంది. నగరంలో చదువుకున్న కుర్రకారు గదిలో గాజుపెట్టెగా మారి, ‘నా పాముకు నేనంటే ప్రాణం’ అని కూడా చెబుతోంది. కర్ర ఎత్తినవాడు పాముకు పగ ఉందంటాడు. పాలు పోసినవాడు కరుణ ఉందంటాడు. గాజుపెట్టె కొన్నవాడు ప్రేమ ఉందంటాడు. ముగ్గురూ ఒకరినొకరు తప్పుపడతారు గానీ, ముగ్గురి మాటకూ పునాది ఒకటే. ముగ్గురూ పాములో చూస్తున్నది తమ ముఖాన్నే.

ముందు పగ సంగతి తేల్చుకుందాం. పగబట్టాలంటే హాని చేసినవాణ్ణి గుర్తుపట్టాలి, ఆ హానిని రోజుల తరబడి మనసులో ఉంచుకోవాలి, వాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాలి. పాము ఇలా చేసిందనడానికి ఇంతవరకూ ఆధారం లేదు. దాని ప్రవర్తనంతా దీనికి ఎదురే చెబుతుంది. విషం పాము ఒంట్లో తయారయ్యే ఖరీదైన సరుకు. ఎరను చంపడానికి, జీర్ణం చేసుకోవడానికి దాచుకున్న ఆయుధం. మింగలేని మనిషి మీద దాన్ని ఖర్చు చెయ్యడం పాముకు నష్టమే. అందుకే నాగుపాము ముందు పడగ విప్పి బుస కొడుతుంది, రక్తపింజరి కుక్కర్ ఆవిరిలా గట్టిగా బుసలు పెడుతుంది, చిన్న పింజరి ఒంటి పొలుసులను ఒకదానికొకటి రాపాడించి రంపం గీసినట్టు చప్పుడు చేస్తుంది. ఇవన్నీ ‘దూరంగా పో’ అనే హెచ్చరికలు. దాడికి తెగించిన జీవి అన్నిసార్లు హెచ్చరించదు. ఆత్మరక్షణకు వేసిన కాట్లలో కొన్ని విషం ఎక్కని ఉత్తి కాట్లు కావడం కూడా ఈ పొదుపులో భాగమే. ఇక జంటపాము మాట. పాములు మనుషుల్లా కాపురం చెయ్యవు, జతకట్టే కాలం దాటాక ఎవరి దారి వారిదే. చచ్చిన పాము ఉన్నచోటికే మరో పాము వచ్చిందంటే, ఆ చోట ఎలుకలు, కప్పలు, దాక్కునే సందులు ఇంకా ఉన్నాయని అర్థం. మొదటిదాన్ని అక్కడికి తెచ్చిన కారణమే రెండోదాన్నీ తెచ్చింది.

దీనికి పుస్తకాల్లోని సాక్ష్యం చాలదనుకునేవారు సికింద్రాబాద్ చుట్టుపక్కల జరుగుతున్నది చూడవచ్చు. దక్కను పీఠభూమి మీద, కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు బండల మధ్య లేచిన ఊరిది. 1806లో సికందర్ జా పేరు మీద కంటోన్మెంటుగా వెలిసిన నాటినుంచి తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, మారేడుపల్లి, సైనిక్‌పురి వైపులా బండలు, పొదలు, చెరువులు, పాత బంగ్లాల విశాలమైన ఆవరణలు ఎన్నో ఉండేవి. బండ సందు పాముకు ఇల్లు, చెరువు గట్టు దాని వేటభూమి. ఆ బండలను పేల్చి, చెరువులను పూడ్చి కాలనీలు కట్టాం. చెత్తకుప్పలతో ఎలుకలను పెంచాం. ఎలుకల వెంట నాగుపాము, జెర్రిపోతు మన గడపలోకి వచ్చాయి. ఇలా ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవిలో వదలడానికి 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ స్వచ్ఛంద కార్యకర్తలు జంటనగరాల్లో అటవీశాఖ అనుమతితో ఏటా వేల పాములను ప్రాణాలతో కాపాడుతున్నారు. ఇప్పుడు పగ సిద్ధాంతాన్ని వీళ్ల మీద పెట్టి పరీక్షించండి. తోక పట్టి లాగి, సంచిలో వేసి మూతి బిగించి, తెలియని చోట వదిలేసేవాళ్ల కన్నా పాముకు పెద్ద అపకారి ఎవరుంటారు? పగ నిజమైతే ఇన్నేళ్లలో ఈ కార్యకర్తల వీధులన్నీ పాములతో నిండిపోవాలి. పాములు పట్టేవాళ్లకు కాటు ప్రమాదం ఉంది. అది చేతిలో ఉన్న పాము వల్ల, ఆ క్షణాన చెయ్యి తప్పడం వల్ల. వదిలేసిన పాము తిరిగొచ్చి ఇల్లు వెతికి కాటేసిన ఉదంతం లేదు.

పాము పగకు సాక్ష్యంగా మనవాళ్లు పురాణాలను తెస్తారు. ఆ పురాణాన్నే శ్రద్ధగా చదవమంటాను. మహాభారత కథాప్రారంభంలో ఉన్నది సర్పయాగం. ఒక్క తక్షకుడి మీది కోపంతో జనమేజయుడు సర్పజాతినంతటినీ అగ్నికి ఆహుతి చెయ్యబూనాడు. ఆ రాజును ఎగదోసింది ఉదంకుడి కసి. ఏ తప్పూ ఎరుగని పాములు మంత్రబలానికి లోబడి వచ్చి గుంపులు గుంపులుగా మంటల్లో పడ్డాయి. తరతరాల లెక్క పెట్టుకుని జాతినే నాశనం చెయ్యాలనుకునే పగ ఆ కథలో మనుషులది. దాన్ని ఆపిన ఆస్తీకుడు మునికీ నాగకన్యకూ పుట్టిన బిడ్డ, రెండు వైపుల రక్తమూ తెలిసినవాడు. మన సాహిత్యానికి తొలి గడపలోనే, నన్నయ ఆదిపర్వంలోనే, ఒకడు చేసిన తప్పుకు జాతినంతటినీ చంపడం అధర్మమన్న పాఠం ఉంది. ఆ గడప దాటి వచ్చిన మనమే కనిపించిన ప్రతి పామునూ తక్షకుడనుకుని, నీళ్లలో కప్పలు పట్టుకునే విషంలేని నీటిపామును కూడా కర్రతో చావగొడుతున్నాం. పగ మనదైతే దాన్ని పాము ఖాతాలో రాయడం న్యాయం కాదు.

పాలు పోసే భక్తి మాట మరింత జాగ్రత్తగా చెప్పాలి. అది నొప్పించడానికి కాదు, నిజం చెప్పడానికి. పాము క్షీరదం కాదు. దాని తల్లి దానికి పాలివ్వలేదు, పాలు జీర్ణం చేసుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. నాగుల పంచమికి ముందు పాములను రోజుల తరబడి నీళ్లు లేకుండా బుట్టలో పెట్టడం, కోరలు పెరికెయ్యడం, మూతి కుట్టెయ్యడం కొన్నిచోట్ల రివాజుగా సాగింది. గొంతు ఎండిపోయిన పాము ఏ ద్రవం పెట్టినా మూతి పెడుతుంది. అది చూసి మనం ‘నాగేంద్రుడు పాలు తాగాడు’ అని చేతులు జోడిస్తాం. పండుగ నాడు అటవీశాఖ, జంతు సంరక్షణ సంస్థలు స్వాధీనం చేసుకునే పాములు తరచు చావు అంచున ఉండటానికి కారణం ఇదే. ఈ తప్పును పాములవాళ్ల మీద ఒక్కళ్ల మీదే వెయ్యడం కూడా సరికాదు. వాళ్లకు పొట్టగడవడానికి వేరే దారి చూపకుండా చట్టం చూపించాం, డబ్బులిచ్చి ఆ ఆట ఆడించిందీ మనమే. నాగస్వరానికి పాము మైమరచి ఆడుతుందన్నది కూడా మన ఊహే. పాముకు బయటి చెవుల్లేవు. నేల అదురును, కొద్దిపాటి బొంగురు శబ్దాలను పసిగట్టగలదు గానీ, రాగాన్ని ఆస్వాదించదు. అది చూస్తున్నది అటూ ఇటూ ఊగే బూరను. పడగ విప్పి నిలబడటం నాట్యం కాదు, భయం.

పాములో ప్రేమను చూడటం కూడా ఇలాంటిదే. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని నిలువెత్తున లేస్తే ‘సయ్యాట’ అని తెల్లగుడ్డ కప్పి కోరికలు కోరుకునేవాళ్లు మనలో ఉన్నారు. ఆ పెనవేతలో చాలాసార్లు ఉండేవి రెండు మగపాములు. ఆడపాము కోసం ఒకదాన్నొకటి నేలకు అదిమిపెట్టాలని చేసే బలపరీక్ష అది. జెర్రిపోతు నాగుపాముకు మగడని చెప్పే నమ్మకానికి పేరులోని ‘పోతు’ తోడై ఉండవచ్చు. జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నాయి, గుడ్లూ పెడతాయి. నాగుపాముల్లో మగవీ ఉన్నాయి. రెండూ వేర్వేరు జాతులు, వేర్వేరు కుటుంబాలు. ఇక్కడ పోయింది అందమైన కథ అని కొందరు బాధపడవచ్చు. నాకు మాత్రం కథ పోయినచోట దానికంటే పెద్ద అందం కనిపిస్తుంది. విషమున్న రెండు మగపాములు తలపడినా సాధారణంగా ఒకదాన్నొకటి కాటేసుకోవు, బలం తేల్చుకుని ఓడినది పక్కకు తప్పుకుంటుంది. ఎవరి కోరికలూ తీర్చని ఆ దృశ్యం గుడ్డ కప్పకుండా నిలబడి చూస్తేనే కనిపిస్తుంది.

ఇక మూడో ముఖం, గాజుపెట్టె. పాములను ప్రేమించేవారి పక్షాన నిలబడ్డాను కనుక ఈ ముఖాన్ని వదిలెయ్యడం కుదరదు. బాల్ పైథానునో ఇగ్వానానో పెంచేవాళ్ల ఆనందం నటన కాదు. కుబుసం విడిచే ముందు కన్ను నీలంగా మసకబారడం, చేతిమీద కండరాలు ఒకదాని తర్వాత ఒకటి కదలడం, నాలుక చీలిక గాలిని రుచి చూడటం దగ్గరగా చూసినవారికి పాము మీద అసహ్యం మిగలదు. నేను కాదనేది ఆ ఆనందాన్ని కాదు, దానికి వాళ్లు చెప్పే కారణాన్ని. ‘నన్ను గుర్తుపడుతుంది, నా ఒళ్లో పడుకుంటే దానికి హాయి’ అంటారు. పాము తన వేడిని తానే పుట్టించుకోలేని జీవి. మన ఒంటి వెచ్చదనం దానికి ఎండలో కాగిన బండ లాంటిది. రోజూ ముట్టుకునే చేతి వాసన ప్రమాదం కాదని అది నేర్చుకుంటుంది, భయపడటం మానేస్తుంది. భయం తగ్గడం ప్రేమ పుట్టడం కాదు. అడవిలో పాము ఉదయం ఎండలోకి, మధ్యాహ్నం నీడలోకి, రాత్రి వేటకు తన వేడిని తానే ఎంచుకుంటూ తిరుగుతుంది. ఆ ఎంపికే దాని బతుకు. పెట్టెలో ఆ ఎంపిక యజమాని చేతిలోని స్విచ్చు మీదికి పోతుంది. ఒళ్లు పూర్తిగా చాచుకోవడానికి కూడా చోటులేని పెట్టెల్లో పాము కదలకుండా ఉంటే, అది సుఖంగా ఉందని యజమాని అనుకుంటాడు. మనిషి మనసును పాములో ఊహించిన ఫలితమే ఇది కూడా.

ఈ ‘పెంచుకోవడం’ వెనక తెలుగునేల కడుపుకోత ఉంది. వాస్తు బాగుంటుందని, అదృష్టం తెస్తుందని ఇళ్లలో నీళ్ల తొట్లో పెట్టే నక్షత్ర తాబేలు నీళ్లలో బతికే జీవే కాదు, పొడి పొదల్లో తిరిగే నేల తాబేలు. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుల్లోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు అడవి నుంచి తరలిపోతున్నాయని 2015లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. వాటిని సంచుల్లో, సూట్‌కేసుల్లో కుక్కి విదేశాల గాజుపెట్టెల దాకా చేరవేస్తారు. 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం ఈ తాబేలును తన మొదటి అనుబంధంలో చేర్చి దేశాల మధ్య వ్యాపారాన్ని నిషేధించింది. విషమే లేని, మట్టిలో దూరి బతికే రెండు తలల పామును సంపద తెస్తుందనే భ్రమతో లక్షలకు బేరాలాడి పట్టుబడిన ముఠాల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వస్తూనే ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశీయ పాములను పట్టడం, పెంచడం నేరమంటుంది. 2022 సవరణ తర్వాత నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజరి కూడా పూర్తి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో చేరాయి. ఆ షెడ్యూలు జీవుల విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. చట్టం ఇక్కడ మన ఆనందాన్ని అడ్డుకోవడం లేదు. మన ఆనందం పేరుతో జరుగుతున్న లూటీని అడ్డుకుంటోంది.

‘అడవిలోంచి తెచ్చినవి సరే, విదేశాల్లో పంజరంలోనే పుట్టిన జాతులను చట్టప్రకారం పెంచితే నష్టమేమిటి?’ అన్నది బలమైన ఆక్షేపణ. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాలు విదేశీ జాతులను పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యమని కోరాయి కనుక, నమోదు చేసుకున్నవారిని నేరస్థులనడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో పిల్లల కోసం కార్న్ స్నేక్ కొందామనుకునేవారికి అక్కడి చట్టం అడ్డుచెప్పకపోవచ్చు. కానీ ఆ దేశమే నేర్పిన పాఠం ఒకటుంది. పెంపుడు వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరి, తప్పించుకునో వదిలెయ్యబడో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో స్థిరపడిన బర్మా కొండచిలువలు అక్కడి జంతువులను తుడిచిపెట్టాయి. రోడ్ల వెంట చేసిన సర్వేల్లో కనిపించే రకూన్‌ల సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయిందని 2012లో తేలింది. అందచందాల కోసం అమ్మిన చిన్న ఎర్రచెవుల తాబేళ్లు పెరిగి విసుగు పుట్టించాక మన చెరువుల్లోకి వచ్చి చేరుతున్నాయి. సాల్మొనెల్లా పిల్లలకు అంటుతోందని అమెరికా 1975లోనే నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. బాల్ పైథాన్ ముప్పై ఏళ్లు బతకగలదు. కొన్న కుర్రాడి చదువు, ఉద్యోగం, పెళ్లి, విదేశయానం అన్నీ దాని ఆయుష్షులో ఇమిడిపోతాయి. ముప్పై ఏళ్ల బాధ్యతను మూడు నెలల ముచ్చటతో తూచేవాళ్లు ఎక్కువ, నిలబెట్టుకునేవాళ్లు తక్కువ. నిలబెట్టుకునేవాళ్ల ఆనందానికి మూలం కూడా వాళ్ల ఓపికైన గమనింపే. ఆ గమనింపుకు యాజమాన్యం అవసరం లేదు.

మరో ఆక్షేపణ శాస్త్రం వైపు నుంచే వస్తుంది. ‘పాములు యంత్రాలు కావు. ఉత్తర అమెరికాలోని గార్టర్ పాములు కొన్ని తోటి పాములను ఎంచుకుని వాటి పక్కనే ఉండటానికి ఇష్టపడతాయని 2020 నాటి పరిశోధన చెప్పింది. రాచనాగు ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లకు కాపలా కాస్తుంది. మరి ప్రేమ లేదనడం ఎలా?’ ఈ మాట నా వాదాన్ని బలహీనపరచదు, నిలబెడుతుంది. పాముకు లోకం ఉంది, అందులో ఇష్టాయిష్టాలున్నాయి, భయముంది, నేర్చుకోవడముంది. అవన్నీ పాముల కోసం, పాముల తీరులో ఉన్నవి. మన మీద ఉండవలసిన పగగానో, మనకు చెందవలసిన ప్రేమగానో వాటిని తర్జుమా చేసినప్పుడే తప్పు మొదలవుతుంది. గార్టర్ పాముకు తోటి పాము కావాలనిపిస్తుందని తెలిశాక, దాన్ని ఒంటరిగా పెట్టెలో పెట్టి ‘నేనున్నానుగా’ అనడం మరీ కష్టం.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ చావులది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది, చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాల్లో సుమారు 70 శాతం నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవారిలో నాలుగోవంతుకు పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలు. ఈ అంకెల ముందు పాముల అందం గురించి మాట్లాడటం నిర్దయ కాదా అని అడిగేవారిది న్యాయమైన ప్రశ్న. జవాబు ఇది: ఈ చావులను పెంచుతున్న వాటిలో నేను ఖండిస్తున్న నమ్మకం కూడా ఉంది. పాముకు పగ ఉందనుకునేవాడు దారినపోయే పామును వెంటబడి కొట్టి కాటు తెచ్చుకుంటాడు. పాముకు మహిమ ఉందనుకునేవాడు ఆసుపత్రికి బదులు మంత్రగాడి దగ్గరికి పరుగెత్తి, విలువైన గంటలు పోగొట్టుకుంటాడు. పాము పామేనని తెలిసినవాడు చీకట్లో టార్చి పట్టుకుంటాడు, పొలంలో బూట్లు వేసుకుంటాడు, కట్లపాము రాత్రి నేలమీద పడుకున్నవారినే నొప్పి తెలియకుండా కరుస్తుంది గనుక మంచం మీద దోమతెర కట్టుకుని పడుకుంటాడు, కాటు పడితే కదలకుండా నేరుగా ఆసుపత్రికి చేరతాడు. అక్కడ ప్రాణం నిలిపే మందు కూడా పాము పుణ్యమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలతోనే విరుగుడు తయారవుతుంది. 1978లో మొదలైన తమిళనాడు ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఆ విషాన్ని తీసి పాములను తిరిగి వదిలేస్తూ వచ్చింది. ఆ ఇరుళుల్లో ఇద్దరిని, మాసి సడైయన్, వడివేల్ గోపాల్‌లను, 2023లో పద్మశ్రీ వరించింది. ఈ పనిలో వాళ్లు పామును చంపలేదు, పూజించి వదిలెయ్యలేదు, పెట్టెలో దాచుకోలేదు. తెలుసుకున్నారు.

తెలుసుకోవడంలోని ఆనందం తెలుగువారికి పరాయిది కాదు. విశాఖపట్నం వచ్చి చేరిన పాట్రిక్ రసెల్ కోరమండల్ తీరపు పాముల మీద 1796లో తెచ్చిన గ్రంథం భారతీయ సర్పశాస్త్రానికి తొలి మెట్టు. అందులోని ఎన్నో పాములకు ఆయన రాసుకున్న పేర్లు మన పల్లె పేర్లే. ఆయన పేరు పెట్టుకుని లోకం పిలిచే రక్తపింజరికి ఆయన విన్న పేరు ‘కాటుక రేకుల పొడ’. ఆ పాము వీపుమీద గొలుసులా సాగే నల్లంచు మచ్చలను చూసినవారికి ఇంతకంటే అందమైన వర్ణన దొరకదు. కట్లపాముల ప్రజాతికి ప్రపంచమంతా వాడే ‘బంగారస్’ అనే శాస్త్రీయ నామం మన ‘బంగారు’ నుంచి వచ్చిందే. ఆ పేర్లు పెట్టింది భయంతో కళ్లు మూసుకున్నవాళ్లు కాదు, కళ్లు తెరిచి చూసినవాళ్లు. అలా చూస్తే కట్లపాముకు, విషంలేని తోడేలు పాముకు తేడా తెలుస్తుంది. మొదటిదాని తెల్లకట్లు తల దగ్గర మసకగా ఉండి తోకవైపు స్పష్టమవుతాయి, రెండోదాని కట్లు మెడ దగ్గర మొదలై తోకవైపు మాయమవుతాయి. పసిరిక పాము కంటిపాప అడ్డంగా గీసిన గీతలా ఉంటుందని, గోడవార దొరికిన కుబుసంలో కంటిపొర కూడా చెక్కుచెదరకుండా ఉంటుందని, తొలకరికి నాగుపాము పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయని తెలుస్తుంది. ఇవి తెలిసినవారికి వానాకాలపు తోట భయపెట్టే చీకటిగా ఉండదు, రోజుకో పుట తిప్పే పుస్తకంగా మారుతుంది.

ఊహను పక్కనపెట్టి జీవిని చూడటం ఎంత పని చెయ్యగలదో సికింద్రాబాద్‌కు ప్రపంచం కంటే ముందే తెలుసు. చెడ్డగాలి వల్ల మలేరియా వస్తుందని తరతరాలు నమ్మిన లోకంలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఈ ఊరిలోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. గాలిని తిట్టడం మానేసి దోమను విప్పి చూసినందుకే కోట్ల ప్రాణాలను కాపాడే దారి దొరికింది. పాము విషయంలో మనం ఇంకా గాలినే తిడుతున్నాం. అయినా సరీసృపంతో మర్యాదగా కలిసి బతకడం మనకు రాదని నేననను. ప్రతి తెలుగింటి గోడమీదా తరాలుగా ఒక సరీసృపం కాపురముంది. బల్లి నోరు విప్పితే ‘సత్యం’ అని వేళ్లతో నేల తట్టాం, మీద పడితే పంచాంగంలో ఫలితం వెతికాం. అక్కడా మన మనసునే దాని నోట పలికించాం. కానీ దాన్ని కొనలేదు, బోనులో పెట్టలేదు, దీపం దగ్గర పురుగులు తింటుంటే తిననిచ్చాం, పిల్లలు తోక తెంపబోతే పెద్దలు వారించారు. వేళ్లకింద కంటికి కనబడని లక్షల రోమాలతో నున్నటి గోడను పట్టుకుని అది పైకప్పుమీద తలకిందులుగా నడిచే వింతను ఉచితంగా చూశాం. పెంచకుండానే, చంపకుండానే, మొక్కకుండానే కలిసి బతకడం అంటే ఇదే. తోడేలు పాము ఇంట్లోకి వచ్చేది ఆ బల్లుల కోసమే. బల్లికి మనమిచ్చిన చోటును, ఒక్క కర్రెడు దూరంతో, పాముకూ ఇవ్వగలిగితే చాలు. దానికి మన మీద పగ లేదు కనుక చంపక్కర్లేదు, ప్రేమ లేదు కనుక బంధించక్కర్లేదు. దాని దారిన దాన్ని పోనిచ్చి, పోతున్నంతసేపూ కన్నార్పకుండా చూడండి. ఆ చూపులో ఉన్న ఆనందం ఏ గాజుపెట్టెలోనూ లేదు.